ముసలి బండికి శాలువా వద్దు, పని కావాలి



ఈ టపా కోపంతో రాస్తున్నాను. కోపంతో రాసినదానిని మరునాడు చదువుకొని, కొట్టివేయదగినవి కొట్టివేసిన తరువాతనే నలుగురి ముందు పెట్టాలని ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు చెప్పినవాణ్ణి. అందువల్ల మూడు రోజులు ఆగాను. కొన్ని విశేషణాలు కొట్టివేశాను కూడా. కోపం మాత్రం తగ్గలేదు.

పోయిన ఆదివారం జమ్మలమడుగులో ఒక పెండ్లికి వెళ్ళాను. భోజనాలైన తరువాత నా పూర్వ విద్యార్థి ఒకడు, తన బండల పాలిషు ఫ్యాక్టరీ చూద్దురు రమ్మని బలవంతం చేసి తీసుకొని వెళ్ళాడు. కడప బండ అంటే మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. నల్లని నాపరాయి. మీ ఇంటి వంటగదిలో గట్టు మీదనో, మెట్ల మీదనో ఒక పలక ఉండే ఉంటుంది. జమ్మలమడుగు, మైలవరం, యర్రగుంట్ల ప్రాంతమంతా ఆ రాతి మీద బతికే ప్రాంతం. మా వాని ఫ్యాక్టరీ అంటే పెద్దదేమీ కాదు, ఒక రేకుల కొట్టము, రెండు కోత యంత్రాలు, ఒక పాలిషు యంత్రము, తెల్లగా పారే బురదనీళ్ళు. కొట్టానికి ముందు ఒక జీపు.

ఆ జీపు 1972లో రిజిస్టరైనది. మహీంద్రా వారి ఎత్తు బానెట్టు జీపు. మొదట పెట్రోలు ఇంజను ఉండేదట. మా వాని తండ్రి ఉన్నప్పుడే దానిని తీసివేయించి డీజిలు ఇంజను వేయించాడు. వెనుక బాడీ రెండుసార్లు మారింది. కమాను కట్టలకు అదనంగా పట్టీలు వేశారు. వెనుక కొక్కెము, దానికి ఒక చిన్న ట్రైలరు. చిల్లర బేరాలు, అంటే పది గడపలకు, రెండు వంటగట్లకు సరిపోయే పలకలు, ఈ జీపే మోస్తుంది. పలకలను పడుకోబెట్టి తీసుకొని పోతే గతుకులకు విరుగుతాయి కనుక అంచు మీద నిలబెట్టి, వరిగడ్డి దూర్చి, మోకుతో బిగిస్తారు. వానాకాలంలో గనిగుంత ఎక్కలేక లారీ కూరుకొనిపోతే లాగడానికి వెళ్ళేదీ ఇదే.

మేము వెళ్ళేసరికి ఆ జీపు చుట్టూ ఒక పెద్దమనిషి ప్రదక్షిణం చేస్తున్నాడు. బెంగుళూరు నుండి వచ్చాడు. గండికోట చూడడానికి వచ్చి, దారిలో ఈ జీపు కంటబడి ఆగాడు. పాత వాహనాలు సేకరించడం ఆయనకు వ్యసనం. మంచి తెలుగు మాట్లాడాడు, మర్యాదస్థుడే. కొత్త బండి కొనుక్కోవడానికి సగానికి పైగా సరిపోయే ధర చెప్పాడు. డీజిలు ఇంజను పీకివేసి అసలు పెట్రోలు ఇంజను ఎక్కడున్నా వెదికి తెచ్చి వేస్తాడట. 1972లో ఫ్యాక్టరీలో వేసిన రంగే వేయిస్తాడట. గుడ్డ కప్పి షెడ్డులో ఉంచుతాడట. ఏడాదికొకసారి ర్యాలీకి తీస్తాడట.

"ఇంత అపురూపమైన బండితో రాళ్ళు మోయిస్తారా? పాపం కదండీ," అన్నాడు.

మా వాడు నవ్వి, "అమ్మను సార్. రేపు మబ్బుతోనే మైలవరం పోవాల. మీరు ఎత్తుకపోతే బండలు ఎవురు మోస్తారు, మీరా?" అన్నాడు.

అప్పుడు ఆ పెద్దమనిషి నా వైపు తిరిగి, చదువుకున్నవాణ్ణి గనుక అర్థం చేసుకుంటానని కాబోలు, "మేష్టారూ, మీరైనా చెప్పండి. ఇలాంటివారి చేతిలో పడే ఇవన్నీ నాశనమైపోతున్నాయి," అన్నాడు.

నా కోపము ఆ ఒక్క వాక్యము మీద.

నాశనమెక్కడ? యాభై ఏళ్ళు దాటిన యంత్రము ప్రొద్దున ఐదు గంటలకు లేచి పనికి పోతున్నది. దానితో పాటు ఆ రోజులలో పుట్టిన జీపులలో ఎన్ని ఈనాడు తిరుగుతున్నాయి? ఇది తిరుగుతున్నది. దీనిని తిప్పుతున్నవాడు నాశనం చేస్తున్నవాడెట్లా అయినాడు? ఇంజను మార్చకపోయి ఉంటే ఈ బండి ఎన్నడో పాత ఇనుప సామాన్ల వాని తక్కెడలో తూగి ఉండేది. కొక్కెము తగిలించకపోయి ఉంటే చింతచెట్టు కింద కోళ్ళకు గూడై ఉండేది. ఆ పెద్దమనిషికి కొనడానికి బండి మిగిలిందంటే అది మా వాని తండ్రి చేసిన 'అపచారము' వల్లనే.

ఆయన పదే పదే 'అసలు స్వరూపము' అన్నాడు. సరే, అసలు స్వరూపమేమిటో చూద్దాము. రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యము కోసం విల్లీస్, ఫోర్డు కంపెనీలు లక్షల సంఖ్యలో చేసిన జీపుకు సైన్యము కాగితాలలో రాసుకున్న పేరు 'పావు టన్ను ట్రక్కు'. ట్రక్కు! షికారు బండి కాదు. యుద్ధము ముగిసిన తరువాత విల్లీస్ వారు దానిని రైతులకు అమ్మజూపారు. నాగలి లాగుతుంది, ట్రైలరు లాగుతుంది, ఇంజను శక్తితో రంపము తిప్పుతుంది అని ప్రకటనలు వేశారు. ఆ వంశమే మన దేశానికి వచ్చింది. 1945లో మొదలైన మహీంద్రా వారి సంస్థ, స్వాతంత్ర్యం వచ్చిన రోజులలోనే, విల్లీసు జీపుల విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించి అమ్మసాగింది. కాబట్టి మోయడము, లాగడము ఈ బండికి పట్టిన దుర్గతి కాదు, అది దాని జన్మకారణము. దాని అసలు స్వరూపము మైలవరం దారిలో ఉన్నది. గుడ్డ కింద ఉండబోయేది దాని బొమ్మ.

ఆ పెద్దమనిషి మాటిమాటికీ 'వింటేజి' అన్న మాట వాడాడు. తెలుగు పండితుణ్ణి, మాట వినబడితే దాని పుట్టుక వెదకకుండా ఉండలేను. ఇంటికి వచ్చి చూశాను. అది ద్రాక్షతోటల మాట. ఒక ఏటి ద్రాక్షకోత, ఆ కోత నుండి తీసిన సారాయి. ఏళ్ళ తరబడి నేలమాళిగలో కదలకుండా పడుకోబెడితే సారాయికి విలువ పెరుగుతుంది, నిజమే. బండికి ఆ న్యాయము వర్తించదు. ఆరు నెలలు కదలకపోతే బ్యాటరీ పోతుంది, రబ్బరు బీటలు వారుతుంది, పైపులలో ఎలుకలు కాపురము పెడతాయి. సారాయి మాటను తెచ్చి చక్రాలకు తగిలించడంలోనే తప్పు జరిగిందని నా అనుమానము.

మన మాట ఇంతకంటే తెలివైనది. తెలుగులో మనుషులకు, పశువులకు 'ముసలి' అంటాము; వస్తువులకు 'పాత' అంటాము. పాత చొక్కా, పాత ఇల్లు. ముసలి ఎద్దు, ముసలి తాత. ఎవరూ ముసలి చొక్కా అనరు. మా ప్రొద్దుటూరి మెకానిక్కు షెడ్డులలో మాత్రం, పనిచేసే పాత బండిని "ముసిల్ది" అంటారు. మూలన పడిన దానిని "పాత డబ్బా" అంటారు. వ్యాకరణము చదవనివారు చేసిన ఈ విభాగము ముందు నేను చేతులు జోడిస్తాను.

ఇంతవరకు ఒక వ్యక్తి అభిరుచి మీద విసుగు. దానితోనే అయితే టపా రాయవలసిన పని లేదు. ఆయన డబ్బు, ఆయన ఇష్టము. కానీ ఇంటికి వచ్చి నియమాలు చదివిన తరువాత తెలిసింది, ఆ పెద్దమనిషి ఆలోచనే ప్రభుత్వము వారి ఆలోచన కూడా అని.

2021 జూలైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ వారు వింటేజి వాహనాలకు ప్రత్యేక నియమాలు చేశారు. మొదటి రిజిస్ట్రేషను నుండి 50 ఏళ్ళు దాటిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలకు ఆ గౌరవము. రుసుము 20 వేల రూపాయలు, గడువు పదేళ్ళు, నంబరులో 'వీ.ఏ.' అనే ప్రత్యేకమైన అక్షరాలు. అయితే బండి అసలు రూపములోనే ఉండాలి. చాసిస్సు, బాడీ, ఇంజను చెప్పుకోదగినంతగా మారి ఉండరాదు. మా వాని జీపుకు ఇక్కడే తలుపు మూసుకొన్నది. రెండవ షరతు ఇంకా గొప్పది. వింటేజిగా నమోదైన వాహనము రోడ్డు మీద రోజువారీ పనికి గాని, వ్యాపారానికి గాని తిరగరాదు. ప్రదర్శనకు, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు తిరగవచ్చు. మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి పోవచ్చు. పెట్రోలు పోయించుకొని రావచ్చునట! ఆ పోయించుకొన్న పెట్రోలుతో నాలుగు పలకలు మోయరాదు.

ఇది ఒక తలుపు. రెండవ తలుపు తుక్కుది. 2021 ఆగస్టు 13న తుక్కు విధానాన్ని ప్రధానమంత్రి ప్రారంభించారు. ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. పదిహేనేళ్ళు దాటిన ప్రతి బండినీ తుక్కు చేసి తీరాలని ఆ విధానము చెప్పలేదు. పరీక్షలో నెగ్గిన బండి తిరగవచ్చు. ఊళ్ళో చాలామంది దీనిని తప్పుగా అర్థం చేసుకొని భయపడుతున్నారు. 2023 ఏప్రిల్ నుండి రిజిస్ట్రేషను పొడిగించబోమన్నది 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకు. ఢిల్లీ ప్రాంతములో డీజిలుకు పదేళ్ళు, పెట్రోలుకు పదిహేనేళ్ళు అన్న వివాదము వేరే కథ. మనకు వచ్చినది వేరు. మనకు తుక్కు చేయమని ఆజ్ఞ రాలేదు, రుసుము వచ్చింది.

2022 ఏప్రిల్ 1 నుండి అమలయ్యేటట్టు చేసిన పట్టిక చూడండి. పదిహేనేళ్ళు దాటిన సొంత కారు గాని, జీపు గాని రిజిస్ట్రేషను పొడిగించుకోవడానికి 600 ఉండేది 5,000 అయినది. సరుకు మోసే బండ్లకు ఎనిమిదేళ్ళు దాటితే ప్రతి ఏడూ ఫిట్‌నెసు పరీక్ష ఉన్నది. పదిహేనేళ్ళు దాటిన చిన్న బండికి ఆ పరీక్ష రుసుము 7,500 అన్నారు, పెద్ద లారీకి 12,500 అన్నారు. అది చాలదన్నట్టు 2025 నవంబరులో మరొక నోటిఫికేషను తెచ్చి, ఇరవై ఏళ్ళు దాటిన చిన్న బండికి 15 వేలు, లారీకి 25 వేలు అన్నారు. లారీల యజమానులు గగ్గోలు పెట్టారు, పెట్టక ఏమి చేస్తారు?

నేను అడిగేది ఒక్కటే. పరీక్ష చేసేవాడు చూసేది బ్రేకులు, లైట్లు, స్టీరింగు, పొగ. కొత్త బండికైనా అవే, ముసలి బండికైనా అవే. ముసలి బండిని పరీక్షించడానికి పరీక్షకునికి ఎన్నింతల ఆయాసము కలుగుతుందని రుసుము ఇన్నింతలైనది? ఇది పరీక్షకు రుసుము కాదు, వయస్సుకు జరిమానా. పరీక్షలో తప్పితే ఆపండి, ఎవరు కాదన్నారు? నెగ్గే విద్యార్థి చేత కూడా పరీక్షకు రాకుండా మాన్పించడానికి ఫీజు పెంచడమేమిటి?

నాకు నవ్వు వచ్చిన సంగతి ఒకటి ఉన్నది. 2022 జనవరిలో మన రాష్ట్ర ప్రభుత్వము ఉద్యోగుల విరమణ వయస్సును 60 నుండి 62కు పెంచింది. అదే ఏడు ఏప్రిల్‌లో కేంద్రము ముసలి బండ్లకు రుసుము పెంచింది. వేరు వేరు ప్రభుత్వాలు, వేరు వేరు శాఖలు, ఆ మాత్రము నాకు తెలుసు. అయినా మనిషికి ఇంకా రెండేళ్ళు సత్తువ ఉన్నదని గుర్తించిన కాలములోనే ఇనుముకు లేదని నిర్ణయించడము వింతగా లేదూ? (నేను 2018లోనే విరమించాను కనుక నాకు ఆ రెండేళ్ళూ దక్కలేదు. ఈ వాక్యములో అసూయ ఏమైనా కనిపిస్తే క్షమించగలరు.)

విరమణ అంటే గుర్తుకు వచ్చింది. ఆ రోజు నాకు సభ చేసి ఐదు శాలువాలు కప్పారు. రెండు వారాల తరువాత అదే బడికి వెళ్ళి, జీతము వద్దు, పదవ తరగతి పిల్లలకు వారానికి రెండు రోజులు ఛందస్సు చెప్పి పోతానన్నాను. "మీరు హాయిగా విశ్రాంతి తీసుకోండి సార్," అన్నారు. గౌరవముగానే అన్నారు. ఆ శాలువాలు బీరువాలో ఉన్నాయి. ఆ బెంగుళూరు పెద్దమనిషి జీపుకు కప్పుతానన్న గుడ్డ ఎటువంటిదో నాకు బాగా తెలుసు.

ఇప్పుడు మా ఊరికి వస్తాను. ఈ ముసలి బండ్లను ఎవరు, ఎందుకు నడుపుతున్నారో చెప్పకపోతే పైన చెప్పినదంతా ఉపన్యాసమే అవుతుంది.

ప్రొద్దుటూరు పుట్టు వ్యాపారపు ఊరు. పత్తి, వేరుశనగ, నూనె మిల్లులు, బట్టలు, బంగారము. ఇంత వ్యాపారమున్న ఊరికి రైలు లేదు. నంద్యాల–యర్రగుంట్ల మార్గము పూర్తిగా నడకకు వచ్చినది 2016లో. అంతవరకు రైలెక్కాలంటే మనిషైనా, మూటైనా యర్రగుంట్లకు పోవలసినదే. కనుక ఇక్కడ చక్రాలున్నదేదీ ఖాళీగా ఉండేది కాదు. ఎద్దుల బండి తరువాత మా వీధులను ఏలినది టెంపో.

'టెంపో' అంటే మనకు జాతివాచకము. టెంపోకు, టెంపోలో, టెంపోవాడు అని విభక్తులు తగిలించి నిర్భయముగా వాడతాము. నిజానికి అది జర్మనీలో హాంబర్గు నగరపు ఒక కంపెనీ పేరు. 1958లో మన దేశములో బజాజ్ టెంపో కంపెనీ ఏర్పడింది, 1969 నుండి మాటడోరు బండ్లు చేసింది, 2000 ప్రాంతములో ఆపివేసింది. కంపెనీ కూడా 2005లో పేరు మార్చుకొని ఫోర్స్ మోటార్స్ అయినది. కంపెనీవారే వదులుకున్న పేరును ఆంధ్రులు వదల్లేదు. ఇప్పుడు ఏ కంపెనీ చిన్న సరుకు బండి వచ్చినా మా వీధిలో అది టెంపోయే.

మా వీధి చివర ఒక మాటడోరు ఉన్నది. దాని యజమాని నా దగ్గర ఏడవ తరగతి వరకు చదివాడు. బండి ఆఖరి రోజులలో తయారైనది, అంటే ఎంత చిన్నదనుకున్నా పాతికేళ్ళు. ఉదయము బియ్యము మూటలు, మధ్యాహ్నము బీరువాలు, మంచాలు, సాయంత్రము షామియానా గుంజలు, వంటపాత్రలు. వినాయకచవితికి విగ్రహాలు. వెనుక చెక్క బాడీ. పలక విరిగితే మా ఊరి వడ్రంగి వేస్తాడు, బుషింగు అరిగితే లేతు షెడ్డువాడు తిరగబెట్టి ఇస్తాడు. డైనమో చుట్టేవాడు, కమాను కట్టలు వంచేవాడు, రేడియేటరుకు అతుకువేసేవాడు, అందరూ ఒక్క మైలులోపల ఉన్నారు.

కొత్త బండి ఎందుకు తీసుకోలేదురా అని ఒకసారి అడిగాను. అతడు చెప్పినది మీరు ఏ అర్థశాస్త్ర గ్రంథములోనూ చదివి ఉండరు.

"తీసుకుంటే నేను దానికి జీతగాణ్ణైతా సార్. ఇప్పుడు బాడుగ లేకుంటే దీన్ని యాపమాను కింద పెట్టి నేనూ పండుకుంటా. కొత్తదానికి పండుకునేకి లేదు. ఒకటో తారీకు వస్తాది కదా, ఫైనాన్సోడు నిద్రపోడు."

మిత్రులారా, ఈ మాటను దయచేసి రెండుసార్లు చదవండి. మాది కరువు సీమ. వాన పడిన ఏడు సరుకు కదులుతుంది, పడని ఏడు కదలదు. పెండ్లిళ్ళున్న నెలలో షామియానా కదులుతుంది, మూఢములో కదలదు. ఇటువంటి చోట బండికి ఉండవలసిన మొదటి గుణము వేగము కాదు, మైలేజీ కూడా కాదు. పని లేనినాడు ఎవరికీ జవాబు చెప్పకుండా నిలబడగలగడము. అప్పు తీరిన ముసలి బండి నిలబడగలదు. వాయిదాల బండి నిలబడలేదు. నిలబడలేదు కనుక రెండు టన్నుల చోట మూడు టన్నులు ఎత్తుతుంది, రాత్రి నిద్ర మాని ఇంకొక బాడుగకు పోతుంది. రోడ్డు మీద ప్రమాదము ఎక్కడ పుడుతుందో ఇప్పుడు లెక్క వేయండి. అప్పు చేసి కొత్తది కొనుక్కోమని రుసుములతో తరిమేవారు ఆ లెక్క వేశారా?

ఇక పులివెందుల. అక్కడ మా వియ్యంకుల వారికి అరటితోట ఉన్నది. పులివెందుల, లింగాల, సింహాద్రిపురం వైపు చీనీ, అరటి తోటల సంగతి తెలిసినదే. అరటిగెల ఎంత బరువో అంత సుకుమారము. ఒరిపిడి తగిలితే రెండవనాటికి నల్లబడుతుంది, వ్యాపారి ధర తగ్గిస్తాడు. తోట లోపలి నుండి రోడ్డు మీది లారీ దాకా గెలలు తేవడమే అసలు కష్టము. డ్రిప్పు నీటికి నేల ఎప్పుడూ మెత్తగా ఉంటుంది. మా వియ్యంకుల వారికి ఒక పాత డీజిలు జీపు, ట్రైలరు. ట్రైలరులో ఎండిన అరటాకు పరిచి, గెలలు పేర్చి, నాలుగు చక్రాలకూ శక్తి ఇచ్చే చిన్న గేరులో నడక వేగముతో లాక్కొస్తారు. మోటారు చెడితే బోరుబావి పైపులు మోసేదీ అదే.

కిందటేడు నేను అక్కడ ఉన్నప్పుడే వ్యాపారి పంపిన కొత్త పికప్పు ఒకటి, "మేము లోపలికే వస్తాం" అని వచ్చి, సాళ్ళ మధ్య ఇరుసు దాకా దిగబడింది. డ్రైవరు కుర్రవాడు గేరు వేసినకొద్దీ ఇంకా దిగుతున్నది. మా వియ్యంకుడు ఏమీ అనలేదు. మోకు తెచ్చి కట్టి జీపుతో బయటికి లాగాడు. తరువాత నాతో, "బావగారూ, దీన్ని అమ్మమని మా అబ్బాయి రోజూ చెప్తాండాడు. ఈ పొద్దు వాడు ఇంట్లో లేకపాయె," అని మాత్రము అన్నాడు.

అవతలి పక్షము మాట కూడా చెప్పాలి. నేను పాత ఇనుమును పూజించేవాణ్ణి కాను. 1994లో నేను జమ్మలమడుగు దగ్గర ఒక పల్లెటూరి బడిలో పనిచేస్తుండగా, పిల్లలు ఎక్కివచ్చే జీపు ఒకటి బోల్తా పడింది. లోపల పదిమంది, వెనుక మెట్టు మీద నలుగురు, బానెట్టు మీద ఇద్దరు. నా తరగతి పిల్లలు ఇద్దరికి ఎముకలు విరిగాయి. ఒకడు ఇప్పటికీ కుంటుతూ నడుస్తాడు, కనబడినప్పుడల్లా నా గుండె కలుక్కుమంటుంది. అంతకుముందు రెండు నెలలుగా ఆ డ్రైవరును బ్రేకులు చేయించమని నేనే మందలిస్తున్నాను. ఆ జీపు వయస్సు ఆరేళ్ళు. ఆరే. ఈనాటి పట్టికలో అది కొత్త బండి, తక్కువ రుసుము బండి. ఆనాడు బ్రేకులు చూడగల కన్ను లేకపోయినది గాని, పుట్టిన తేదీ చదవగల కన్ను లేక కాదు.

పొగ మాట కూడా దాటవేయను. 2000కు ముందు బండ్లకు ఇప్పటి ప్రమాణాలు లేవు. 2020 ఏప్రిల్ నుండి వచ్చిన కొత్త ఇంజన్లు వీటికంటే ఎంతో శుభ్రమైనవి. పంపు, నాజిళ్ళు బాగు చేయించుకుంటే నల్లపొగ తగ్గుతుంది కాని కొత్తదానితో సమానము కాదు, ఒప్పుకుంటాను. అయితే మా మాటడోరు రోజుకు ఊరి లోపల ఇరవై కిలోమీటర్లు తిరుగుతుంది, కొన్ని రోజులు అసలు తిరగదు. మూడు వందలు తిరిగే బండితో దానిని ఒకే గాటన కట్టడము న్యాయము కాదు. పొగను కొలిచే యంత్రము ఉన్నది కదా, కొలవండి. హద్దు దాటితే ఆపండి. దానికి నేను అడ్డు రాను.

సేకరించేవారి పక్షాన కూడా ఒక్క మాట. ప్రతి రకములో ఒకటో రెండో బండ్లు మార్పులు లేకుండా భద్రపరచడము అవసరమే. లేకపోతే రేపటివారికి మూలము తెలియదు. తాళపత్రాలను భద్రపరచినవారికి మనమంతా రుణపడి ఉన్నాము. కానీ తాళపత్రము ఉన్నదని ఇంట్లో చదువుకునే పుస్తకాన్ని లాక్కొనిపోరాదు కదా. క్యూబా దేశములో అమెరికా కార్లు 1950ల నాటివి నేటికీ టాక్సీలుగా తిరుగుతున్నాయట. ఆంక్షల వల్ల విడిభాగాలు రాక, వేరే దేశాల ఇంజన్లు బిగించుకొని నడుపుకున్నారు. లోకమంతా వెళ్ళి వాటిని ఫోటోలు తీసుకొని మెచ్చుకుంటున్నది. అదే పని మైలవరం దారిలో చేస్తే మాత్రము నాశనమా?

కనుక నేను కోరేది ఇది. పరీక్ష రుసుము వయస్సును బట్టి కాక అన్నిటికీ ఒకటే ఉండాలి. ముసలి బండికి ఏడాదికి ఒకసారి కాదు, రెండుసార్లు పరీక్ష పెట్టినా నాకు సమ్మతమే, మా మాటడోరువాడు కూడా సరేనన్నాడు. పరీక్ష నిజముగా జరగాలి, బయట టీకొట్టు దగ్గర కాదు. సరుకు బండి మీద మనుషులను ఎక్కిస్తే ఎంత జరిమానా వేసినా వేయవచ్చు. ఇంజను మార్చుకున్న బండిని, ఆ మార్పు సక్రమముగా నమోదై ఉంటే, 'చెడిపోయినది'గా కాక బతికినదిగా లెక్కించాలి. వింటేజి నియమాలలో 'రోజువారీ పనికి తిరగరాదు' అన్న షరతు తొలగించాలి, లేదా కనీసము సొంత పొలానికి, సొంత కొట్టానికి మినహాయింపు ఇవ్వాలి. మా వాని జీపు ఇరవై వేలు కట్టి ఆ అక్షరాలు తెచ్చుకొంటుందని కాదు. గౌరవమంటే పని మాన్పించడమే అన్న భావము చట్టములో ఉండకూడదు.

మీలో హైదరాబాదులోను, అమెరికాలోను ఉన్నవారు చాలామంది. మీ అయ్యగారి ఇంటి దగ్గర షెడ్డులో ఇటువంటి బండి ఏదైనా ఉంటే, దానిని ఎవరికి అమ్మారో, ఇంకా నడుస్తున్నదో వ్యాఖ్యలలో రాయండి. నన్ను తిట్టదలచినవారు కూడా రాయవచ్చు, అక్షరదోషాలు లేకుండా.

ఈ గురువారము మా వీధి మాటడోరుకు ఫిట్‌నెసు పరీక్ష. దరఖాస్తు నింపడానికి నిన్న సాయంత్రము నా దగ్గరికే వచ్చాడు. నింపి ఇచ్చి, "బ్రేకులు చూసుకున్నావా?" అన్నాను, ఆ 1994 నాటి గొంతుతోనే.

"మీరే రాండి సార్. ముందర కూర్చోని చూస్తురు," అన్నాడు.

ఉదయము ఆరు గంటలకు బయలుదేరుతున్నాము.